ఉన్నట్టా లేనట్టా

పంకజాక్షి కర్నూలులో హౌస్‌సర్జన్ పని ముగించుకొని చిత్తూరు చేరిన ఏడాదే, తిరుపతిలో అలిపిరి దారిలో ఉన్న ఒక ట్రస్టు ఆసుపత్రివాళ్ళు రెసిడెంట్ డాక్టర్లు కావాలని పేపర్లో ప్రకటన వేశారు. జనరల్ మెడిసిన్‌లో రెండే పోస్టులు. ఆసుపత్రిలోనే ఉండి పనిచేస్తూ ఎం.డి. చదువుకోవచ్చు. అది డెబ్బై ఎనిమిదో సంవత్సరం. ఆడపిల్ల డాక్టరు చదివిందంటే కాన్పులు చేయడానికేనని అందరూ అనుకునే కాలం. ఆమె తండ్రి దామోదరం కూడా అట్లాగే అనుకున్నాడు. ఆయనకు చిత్తూరు బెల్లం మండీలో అంగడి ఉంది. కూతురు జ్వరాలూ దగ్గులూ గుండె జబ్బులూ చూసే చదువే చదువుతానని పట్టుబట్టింది. ఎందుకో ఆయనకు అర్థం కాలేదు. అయినా ఇంటర్వ్యూ రోజున అంగడి తమ్ముడికి అప్పజెప్పి తనూ బస్సెక్కాడు.

బస్సులో దారి పొడుగునా ఆమె పుస్తకం తిరగేస్తూనే ఉంది. చంద్రగిరి దాటాక మూసేసింది. కొండ కనబడగానే తండ్రి చేతులు జోడించాడు. ఆమె కూడా జోడించింది గాని, మనసులో మాత్రం కామెర్లకు కారణాలు ఒకదాని వెంట ఒకటి వల్లెవేసుకుంటూ ఉంది.

ఆసుపత్రి వరండాలో బెంచీల నిండా కుర్ర డాక్టర్లు. ఆడపిల్ల తనొక్కతే. మొదట పిలిచిన అతను లోపలికి పోయి కాసేపటికే బయటికి వచ్చాడు. అందరూ చుట్టూ మూగి ఏమడిగారంటే, ప్రశ్నలేమీ అడగలేదన్నాడు. లోపల మంచం మీద ఒక రోగి ఉందట. ఆమె గుండె విని, ఏం వినిపించిందో చెప్పమన్నారట. అంతా మామూలుగానే ఉందని చెప్పాడట. పెద్ద డాక్టరు "సరే, మంచిది" అని పంపించేశాడట.

తర్వాత పోయినవాడు తెల్లటి చొక్కా చేతులు మడుచుకుంటూ ధైర్యంగా వచ్చాడు. గుండెలో ఒక కవాటం బిగుసుకుపోయి ఉందని, దాని లక్షణాలన్నీ వరసగా అప్పజెప్పానని అన్నాడు. అతనికీ "సరే, మంచిది" అన్నారట. మూడో అతను పుత్తూరు నుంచి వచ్చిన వెంకటముని. బక్కపలచని మనిషి. ఏమీ లేదని చెప్పి వచ్చాడు. అతనికీ అదే మాట. ఇంకొకతను రెండు కవాటాలు చెడిపోయాయన్నాడు. ఒకే మనిషి గుండె ఒకరికి బాగుండి, ఒకరికి ఒక రకంగా చెడి, ఇంకొకరికి ఇంకో రకంగా చెడితే, అందరికీ "మంచిది" ఎట్లా అవుతుందో బెంచీల మీద ఎవరికీ అంతుబట్టలేదు. పంకజాక్షి వంతు వచ్చేసరికి ఆమె చెవుల్లో మూడు రకాల గుండెలు కొట్టుకుంటున్నాయి.

లోపల బల్ల వెనుక ముగ్గురు కూర్చున్నారు. నడుమ ఉన్న ముసలాయన దేవనాథన్. మెడిసిన్ విభాగానికి పెద్ద. నుదుటి మీద సన్నటి నామం, వెడల్పాటి కళ్ళద్దాలు. ఆయన పక్కన రంగరాజు. అదే విభాగంలో రెండో డాక్టరు, నలభై దాటిన మనిషి. మూడో ఆయన ట్రస్టు కార్యదర్శి. ఇంటర్వ్యూతో తనకేమీ పని లేనట్టు కిటికీలోంచి చూస్తున్నాడు.

మంచం మీది రోగి పేరు కుప్పమ్మ. కొండకు పోయే పూలు కట్టే మనిషి. ముప్పయ్యేళ్ళుంటాయి. పొద్దున్నుంచీ ఒకరి తర్వాత ఒకరు వచ్చి రొమ్ము మీద చల్లటి బిళ్ళ పెట్టి పోతుంటే ఆమె ముఖం పాలిపోయింది. పంకజాక్షి దగ్గరికి వంగగానే గొంతు తగ్గించి అడిగింది.

"ఎంతమంది సూస్తారమ్మా? నాకేమన్నా పెద్ద రోగమా?"

 ఉందో లేదో బెంచీల మీదివాళ్ళకే తేలలేదు, పంకజాక్షి ఇంకా వినను కూడా లేదు. "వినిగాని చెప్పలేనమ్మా" అంది.

పడుకోబెట్టి వింది. గుండె చప్పుడు తేటగా ఉంది. ఇంకేమీ లేదు. లేపి కూర్చోబెట్టి, ముందుకు వంగమని, ఊపిరంతా వదిలి బిగబట్టమని చెప్పి మళ్ళీ వింది. రెండో చప్పుడు తర్వాత ఏదో ఉంది. దూరాన ఎవరో నిప్పు మీద మెల్లగా ఊదినట్టు. కవాటం సరిగ్గా మూసుకోక రక్తం వెనక్కి కారితే అట్లాంటి శబ్దం వస్తుందని చదివింది. అంత సన్నటిది మాత్రం ఎప్పుడూ వినలేదు. చదివింది గనక వినిపిస్తున్నదా, వినిపిస్తున్నది గనక చదివింది గుర్తొస్తున్నదా అన్న అనుమానం వచ్చింది.

ఉన్నట్టుందని చెప్పింది. రంగరాజు కుర్చీలో వెనక్కి వాలి, పొద్దున తను కూడా విన్నానని, తనకు మాత్రం ఏమీ వినిపించలేదని అన్నాడు. దేవనాథన్ రెప్ప వేయకుండా ఆమె నోటివైపే చూస్తున్నాడు. పొద్దున తిన్న ఉప్మాలో కరివేపాకు పళ్ళలో ఇరుక్కుందేమోనని ఆమెకు భయం పట్టుకుంది.

"ఇంకోసారి విను" అన్నాడాయన.

ఈసారి బయట కొండ బస్సు హారన్ కొట్టుకుంటూ పోయింది. అది పోయాక కూడా ఏమీ వినిపించలేదు. లేదని చెప్పింది. మళ్ళీ వినమన్నాడు. మళ్ళీ వింది. ఊదినట్టే ఉంది.

"ఉన్నట్టా, లేనట్టా?" అన్నాడు రంగరాజు.

"మొదట వినిపించింది సార్. తర్వాత వినిపించలేదు. ఇప్పుడు మళ్ళా వినిపించింది. అంతకంటే నాకు తెలీదు."

దేవనాథన్ తలాడించి "సరే, మంచిది" అన్నాడు.

బయటికొచ్చి తండ్రికి జరిగింది చెప్పింది. ఇద్దరూ బస్టాండు దగ్గర హోటల్లో కూర్చున్నారు. దామోదరం వడ తుంచి నోట్లో పెట్టుకోకుండా చాలాసేపు ఆలోచించాడు.

"మండీలో బెల్లం దిమ్మె చేతికిచ్చి ఎట్లుండాదంటే, బాగుండాదనల్ల, ల్యాకుంటే బాగలేదనల్ల. రెండూ అంటే ఎవురు నమ్ముతారు మే?"

 అయినా ఫలితం సాయంత్రానికి చెబుతామన్నారు గనక ఉండిపోయారు. సాయంత్రం నోటీసు బోర్డు మీద రెండు పేర్లు పెట్టారు. ఒకటి పంకజాక్షిది, రెండోది వెంకటమునిది. తెల్లచొక్కా అతను బోర్డు ముందు కాసేపు నిలబడి, ఎవరి రికమండేషనోనని గొణుక్కుంటూ పోయాడు. వెంకటముని ఆమె దగ్గరికొచ్చి ఏం చెప్పారని అడిగాడు. ఉందనీ, లేదనీ చెప్పానంది.

"నేను ఏమీ లేదని చెప్పినాను. మరి ఇద్దరినీ ఎట్ల తీసుకున్నారబ్బా?" అన్నాడతను. సంతోషపడాల్సిన ఇద్దరూ తప్పు బస్సెక్కినవాళ్ళలా ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు.

పంకజాక్షిని దేవనాథన్ వార్డులో వేశారు, వెంకటమునిని రంగరాజు దగ్గర. ఇంటర్వ్యూతో అయిపోయిందనుకున్నది వార్డులోనూ కొనసాగింది. ప్రతి రోగి దగ్గరా దేవనాథన్ ముందు ఆమెను వినమనేవాడు. ఏం వినిపించిందో చెప్పమనేవాడు. తర్వాత తను కూడా స్టెతస్కోపు పెట్టి విని, "సరే, మంచిది" అనేవాడు. ఒప్పనీ అనడు, తప్పనీ అనడు. ఇంకా పరీక్షిస్తున్నాడనుకుంది. ఎన్నాళ్ళని పరీక్షిస్తాడు? అట్లాగని తెలియని మనిషీ కాదు. రోగి నడిచి వస్తుండగానే జబ్బు పసిగట్టేవాడు. నాడి పట్టుకుని, మెడలో నరాల కదలిక చూసి, గోళ్ళు చూసి, ఇంట్లో ఎవరెవరున్నారని అడిగి, ఆమె పుస్తకాల్లో వెతుక్కునే సంగతి ఇట్టే చెప్పేవాడు. ఆయన చెయ్యి పట్టుకుంటేనే సగం రోగం తగ్గుతుందని జనం అనేవాళ్ళు. కొన్నిసార్లు మాత్రం ఆమె ఏదైనా అడిగితే జవాబివ్వకుండా ముందుకు సాగిపోయేవాడు. తను అడగకూడనిది అడిగిందేమోనని రోజంతా మథనపడేది.

సాయంత్రాలు రంగరాజు ఈ వార్డుకు వచ్చేవాడు. దేవనాథన్ చూసిన రోగులనే మళ్ళీ విని, ఏమీ చెప్పకుండా వెళ్ళిపోయేవాడు. పెద్దాయన తప్పులు పట్టుకోడానికే వస్తున్నాడనుకుని ఆమె ఆయనతో ముభావంగా ఉండేది.

ఒకరోజు ఆమె స్టెతస్కోపు గొట్టం చిట్లింది. దేవనాథన్ తనది ఇచ్చాడు. దాని బిళ్ళకు రెండు వైపులుంటాయి. ఒకవైపు గిన్నెలా చిన్నది, ఒకవైపు వెడల్పుగా బల్లపరుపుది. ఏ వైపుతో వినాలంటే ఆ వైపుకు తిప్పుకోవాలి. రెండోవైపు మూసుకుపోతుంది. ఆమె చిన్న వైపుకు తిప్పుకుని ఒక రోగి గుండె విని, అట్లాగే తిరిగి ఇచ్చేసింది. ఆయన పక్క మంచం మీది మునస్వామి దగ్గరికి పోయాడు. ఊపిరితిత్తుల్లో నెమ్ము చేసి చేరిన ముసలాయన అతను. దేవనాథన్ వెడల్పు వైపు అతని వీపుకు ఆనించి కళ్ళు మూసుకుని విన్నాడు. కింద విన్నాడు, పైన విన్నాడు, గట్టిగా ఊపిరి పీల్చమని విన్నాడు. తర్వాత "సరే, మంచిది" అన్నాడు.

ఆయన పోయాక బల్ల మీద పెట్టిన స్టెతస్కోపు తీసుకుని పంకజాక్షి ఆ వైపే మునస్వామి వీపు మీద పెట్టింది. ఏమీ లేదు. గోడకు ఆనించి విన్నట్టుంది. ఊపిరి శబ్దం కూడా లేదు. తను తిప్పి ఇచ్చిన బిళ్ళ తిప్పినట్టే ఉంది. వెడల్పు వైపుకు తిప్పింది. ఒక్కసారిగా గురగుర వినిపించింది.

ఆయన అంతసేపు విన్నదేమిటి?

ఆ తర్వాత వారం ఆమెకు ఏ పని మీదా మనసు నిలవలేదు. వెనుక నిలబడి "సార్" అని పిలిచి చూసింది. ఆయన తిరగలేదు. ముందుకొచ్చి పిలిస్తే నవ్వుతూ పలికాడు. తను అడగకూడనిది అడగడం కాదు, ఆయనకు వినబడకపోవడమే అని అప్పుడు తెలిసింది. తెలిసినందువల్ల ఏమీ తేలిక కాలేదు. తను ఏం చెబితే దానికే "మంచిది" అంటున్నాడంటే, ఈ వార్డులో రోగులందరి గుండెలూ ఊపిరితిత్తులూ తన రెండు చెవుల మీద నడుస్తున్నాయన్నమాట. నిన్నగాక మొన్న చదువు ముగించిన చెవులు. ఎవరికి చెప్పాలి? చెబితే ఆయన ఏమవుతాడు? చెప్పకపోతే వీళ్ళేమవుతారు?

ఆదివారం చిత్తూరు పోయినప్పుడు తండ్రితో చెప్పింది. పోస్టు ఇచ్చిన మనిషి మీద పితూరీ చెబుతావా అని ఆయన కోప్పడ్డాడు. కాళ్ళు కడుక్కుని భోజనానికి కూర్చున్నాక, కలిపిన ముద్ద కలిపినట్టే పెట్టి అన్నాడు.

"అట్లని మీ అవ్వను ఆయప్పకే సూపించల్లంటే మాత్రం నేను సూపించను."

ఆ రెండు మాటల్లో ఏది పట్టుకోవాలో తెలియక ఆమె మజ్జిగ కూడా పోసుకోకుండా లేచింది.

సోమవారం మధ్యాహ్నం రోగులందరూ వెళ్ళాక ఆయన గదిలోకి పోయింది. ఆయన ఎదురుగా, వెలుతురు తన ముఖం మీద పడేట్టు నిలబడింది.

"సార్, మీకు వినిపించడం లేదు కదా" అంది.

ఆయన కాదనలేదు. ఎట్లా తెలిసిందని అడిగాడు. ఆమె స్టెతస్కోపు సంగతి చెప్పింది. ఆయన బల్ల మీదున్న దాన్ని తీసుకుని బిళ్ళను అటూ ఇటూ తిప్పి చూశాడు. ముందు పిచ్చుకల అరుపులు పోయాయని, తర్వాత మనవరాలి మాటలు పోయాయని చెప్పాడు. లావు శబ్దాలు ఇప్పటికీ వస్తాయట. సన్నవే రావట. పెదవులు కనిపిస్తే మాట అర్థమవుతుందన్నాడు. చేత్తో, కంటితో తెలిసేవి చాలా ఉన్నాయి గనక ఇన్నాళ్ళూ నెట్టుకొచ్చానన్నాడు.

"మరి ఆరోజు కుప్పమ్మ గుండెలో శబ్దం ఉండిందా సార్?"

"నాకు తెలీదమ్మా. అందుకే అందరినీ అడిగాను."

 ఆయన కూర్చోమనకుండానే ఆమె కుర్చీలో కూర్చుంది.

"మిగతావాళ్ళు పుస్తకంలో ఉన్నది చెప్పారు" అన్నాడాయన. "లేదంటే, నేను వినాలనుకుంటున్నానని వాళ్ళనుకున్నది చెప్పారు. వెంకటముని ఏమీ వినిపించలేదని తడుముకోకుండా అన్నాడు, రంగరాజు ఎంత గుచ్చినా మార్చలేదు. అతను రంగరాజుకు నచ్చాడు. నువ్వు వినిపించినప్పుడు వినిపించిందన్నావు, వినిపించనప్పుడు లేదన్నావు. నాకు అట్లాంటి మనిషి కావాలి."

కుప్పమ్మ ఏమైందని అడిగింది. కవాటం ఇంకా చెడకుండా నెలనెలా ఇంజక్షన్ వేయించుకోమని రాసిచ్చానని, వేలూరు పెద్దాసుపత్రికి పోయి ఇంకోసారి చూపించుకోమన్నానని చెప్పాడు. మొదటి ఇంజక్షన్ వేయించుకుని నాయుడుపేటలో అక్క ఇంటికి పోయిందట. వేలూరు పోయిందో లేదో తెలియదట.

"నేను ఉన్నట్టుంది అన్నందుకా ఇంజక్షన్?"

"నీ మాట ఒక్కదాని మీదే కాదు. చిన్నప్పుడు కీళ్ళు వాచే జ్వరంతో మంచం పట్టిందట, అడిగితే చెప్పింది. గుండె కవాటాలను చెడగొట్టే జ్వరం అది. నీ మాటతో కాస్త అటువైపు మొగ్గాను." ఆయన ఆగి, "తప్పు కూడా కావచ్చు" అన్నాడు.

ఆమెకు కోపం వచ్చింది. ఆయన మీదనో తన మీదనో తేలలేదు. ఇకనుంచి తను విన్నది కేసు షీటులో తన పేరుతోనే రాస్తానని, ఆయన విన్నట్టు రాయనని చెప్పింది. రాయమన్నాడు. రోగులకు కూడా ఈ సంగతి తెలియాలంది. దానికి మాత్రం ఆయన చేతిలోని స్టెతస్కోపు బల్ల మీద పెట్టేశాడు.

"తెలిస్తే ట్రస్టువాళ్ళు ఇంటికి పొమ్మంటారు" అన్నాడు. "ఇంట్లో నాకేం పని ఉంటుందమ్మా?"

ఆమె నమస్కారం పెట్టి బయటికొచ్చింది.

వార్డు గుమ్మంలో సిస్టర్ నిర్మలమ్మ నిలబడి ఉంది. చాలా ఏళ్ళుగా అదే వార్డులో పనిచేస్తున్న మనిషి. పంకజాక్షి ముఖం చూసి, "అడిగేసినావామ్మా?" అంది. పంకజాక్షి బిత్తరపోయింది. ఇంకెవరికి తెలుసని అడిగింది.

"తెలీంది ఎవురికి? రంగరాజు సారుకే మొదట తెలిసింది. రోజూ సాయంత్రం వచ్చి మళ్ళా అందరినీ విని పోతాడు గదా, ఎందుకనుకున్నావు?"

అప్పుడు గుర్తొచ్చింది. నిర్మలమ్మ ఎప్పుడూ ఆయనకు ఎదురుగా నిలబడే మాట్లాడుతుంది. అటెండరు భుజం తట్టి గాని పిలవడు. రంగరాజు వస్తున్నది తప్పులు పట్టడానికి కాదు, తప్పు జరగకుండా చూడడానికి. అందరూ తలా ఒక చెయ్యి వేసి ఆయనను మోస్తున్నారు. తను ఒక్కతే మోస్తున్నాననుకుంది. గుండెల మీద బరువు దిగింది. దిగిన వెంటనే ఇంకో సందేహం వచ్చి కూర్చుంది. అందరూ కలిసి దాస్తే అది దాచడం కాకుండా పోతుందా? ఈ వార్డులో ఆ సంగతి తెలియనివాళ్ళు మంచాల మీద ఉన్నవాళ్ళే. ఇది దయనా, మోసమా? రెండూ అయి ఉండొచ్చునా? ఆలోచించేకొద్దీ చిక్కు ముడిపడుతూనే పోయింది. సాయంత్రం రంగరాజు వచ్చినప్పుడు కుర్చీ జరిపి వేసింది. ఆయన ఆశ్చర్యంగా చూసి, కూర్చోకుండానే తన పని చూసుకుని పోయాడు.

మరునాడు రౌండ్సుకు దేవనాథన్ మెడలో స్టెతస్కోపు లేకుండా వచ్చాడు. నిర్మలమ్మ గదిలో మరిచిపోయాడనుకుని తేబోతే వద్దన్నాడు. మొదటి మంచం మునస్వామిది. ఆయన మంచం పక్కన స్టూలు లాక్కుని కూర్చుని, నాడి చూసి, వీపు మీద అరచెయ్యి పెట్టి మాట్లాడించి, అందరికీ వినబడేట్టు చెప్పాడు.

"చూడు మునస్వామీ, నా చెవులు దెబ్బతిన్నాయి. సన్నటి శబ్దాలు నాకు వినిపించవు. చెయ్యి పెట్టి చూసేది నేను చూస్తాను. వినేది ఈ డాక్టరమ్మ వింటుంది. నీకు ఇష్టమేనా?"

 పక్క మంచంవాళ్ళు లేచి కూర్చున్నారు. మునస్వామి ఆయన వైపు చూశాడు, పంకజాక్షి వైపు చూశాడు. అతను నాగలాపురం దగ్గర సొంతంగా చెరకు పండించే రైతు. తొందరపడి ఏదీ ఒప్పుకునే మనిషి కాదు.

"ఆయమ్మకూ వినిపించకపోతే?" అన్నాడు.

దేవనాథన్ పంకజాక్షి వైపు తిరిగాడు. ఆ ప్రశ్నను మునస్వామి పెదవుల మీంచి చదువుకున్నాడు గనక ఆయనకూ తెలిసింది. జవాబు మాత్రం ఆమెకే వదిలేశాడు.

"అప్పుడు ఇంకొకరిని పిలుస్తానయ్యా" అంది ఆమె.

"అట్లయితే ఇప్పుడే పిలువు" అన్నాడు మునస్వామి.

ఆమె పక్క వార్డుకు పోయి వెంకటమునిని పిలుచుకొచ్చింది. ఆమె ముందు వింది, అతను తర్వాత విన్నాడు. ఎడమ పక్క కింద ఇంకా గురగుర ఉందని ఆమె అంది. పూర్తిగా పోయిందని అతను అన్నాడు. ఇద్దరూ చెరో వైపు నుంచి మళ్ళీ వంగారు. మునస్వామి దగ్గు ఆపుకుంటూ ఇద్దరి ముఖాలూ మార్చి మార్చి చూశాడు. దేవనాథన్ స్టూలు మీదే కూర్చుని, వాళ్ళ పెదవులు ఎప్పుడు కదులుతాయా అని ఎదురుచూస్తున్నాడు.